హాస్టల్లో మూత్ర పరీక్ష, దొరికితే టీసీ: ఈ కాగితం మీద సంతకం పెట్టాలా?

కృష్ణలంక అమ్మ

మా అబ్బాయి ఎంపీసీ ఫస్టియర్. ఊరి శివార్లలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఉంటున్నాడు. పోయిన నెల వాళ్ల బ్లాకులో ఒక గదిలో గంజాయి పొట్లం దొరికింది. ఇప్పుడు యాజమాన్యం అందరి ఇళ్లకీ ఒక అంగీకార పత్రం పంపింది. ముందు చెప్పకుండా ఎప్పుడైనా మూత్ర పరీక్ష చేస్తారట. పాజిటివ్ వస్తే అదే రోజు టీసీ, కట్టిన ఫీజు వెనక్కి రాదు. శనివారం లోపల సంతకం పెట్టి పంపాలి.

పరీక్ష మీద నాకు అభ్యంతరం లేదు. నా చెయ్యి ఆగుతున్నది టీసీ దగ్గరే. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు వాడు అన్నం తింటూ తనంతట తనే అన్నాడు, "అమ్మా, రూమ్‌లో ఇద్దరు తాగుతారు, నన్నూ రమ్మంటారు" అని. ఎవరని అడిగితే చెప్పలేదు. వాడి మాట వల్ల ఒక స్నేహితుడి చదువు పోతుందని తెలిశాక మళ్లీ నాతో ఈ ఊసెత్తుతాడా? మీ పిల్లలు కూడా హాస్టళ్లలో ఉంటే ఏం చేస్తారో చెప్పండి.

పటమట నాన్న

ఇంకేం ఆలోచించకండమ్మా, పెట్టి పంపండి. మా తమ్ముడి కొడుకు ఇంటర్‌లోనే మొదలుపెట్టాడు. బీటెక్‌లో చేరాక గానీ మాకు తెలియలేదు. ఇప్పుడు గదిలో కూర్చుని గోడతో మాట్లాడతాడు, మందులు వాడుతున్నాం. ఆ రెండేళ్లలో ఒక్కరోజు ఎవరైనా పరీక్ష చేసి ఉంటే మా తమ్ముడు వాణ్ణి చేతులారా పోగొట్టుకునేవాడు కాదు.

ఇంకో సంగతి. వద్దు అని చెప్పడానికి పిల్లాడికి ఒక సాకు కావాలి. "నాకిష్టం లేదు" అంటే పిరికోడంటారు. "రేపు టెస్ట్ పెడితే దొరికిపోతా మామా" అంటే ఎవడూ ఏమీ అనలేడు. పరీక్ష పెట్టేది తాగేవాణ్ణి పట్టుకోడానికే అనుకోకండి, తాగనివాడు తప్పించుకోడానికి కూడా. ఆ భయం పనిచేయాలంటే టీసీ ఉండి తీరాలి. లేకపోతే పరీక్షని ఎవడు లెక్కచేస్తాడు?

ఆటో అన్న, కరీంనగర్

అక్కా, నేను ఆటో నడుపుత. నా కొడుకు గూడ హైదరాబాద్ల ఫస్టియరే, హాస్టల్ల ఉంటడు. టెస్ట్ జేస్తరు, టీసీ చేతిల వెడ్తరు. తర్వాత? నడిమిట్ల ఏ కాలేజోళ్లు చేర్సుకుంటరు? కట్టిన పైసలు పాయె. పిల్లగాడు ఇంట్ల ఖాళీగుంటడు. ఖాళీగున్న పిల్లగాని కాడికి ఎవరొస్తరు, ఆ సరుకు తెచ్చేటోళ్లే అస్తరు. కాలేజోళ్లకు పీడ పోతది, మాకు అప్పటిసంది మొదలైతది.

పైసలున్నోళ్లు ఇంకో కాలేజీల ఇంత కట్టి చేర్పిస్తరు. మాసొంటోళ్ల పిల్లలు షాపుల పనికి పోతరు. దొరికితే నాకు ఫోన్ జెయ్యిండ్రి, పని ఇడిసిపెట్టి వస్త, దవాఖానకు తీస్కపోత. గంతే గని, బయటికి నూకుడు ఏం న్యాయం?

బీటెక్ సెకండియర్

ఆంటీ, నేను రెండేళ్లు ఇంటర్ హాస్టల్లోనే ఉన్నాను, అందుకే రాస్తున్నా. పెద్దవాళ్లు అనుకున్నట్టు ఎవరూ మీద పడి తాగించరు. ఆదివారం ఔటింగ్ అయ్యాక, రాత్రి స్టడీ అవర్ అయ్యాక, వార్డెన్ రౌండ్ కూడా వెళ్లిపోయాక మొదలవుతుంది. కిటికీ తీసి, తలుపు కింద తడి టవల్ దూర్చి, ఐదారుగురు గుండ్రంగా కూర్చుంటారు. చేతులు మారుతూ అది నీ దాకా వస్తుంది. "కొట్టు మామా" అంటారు. వద్దంటే "నీ ఇష్టం రా" అంటారు, అంతే. తిట్టరు. కానీ మర్నాడు మెస్‌లో నీకు ప్లేస్ ఆపరు. నువ్వు గదిలోకి రాగానే మాటలు ఆగిపోతాయి. వీకెండ్ టెస్ట్ నోట్స్ అడిగితే "ఎవడి దగ్గరో ఉంది" అంటారు. పదహారేళ్లప్పుడు, ఇంటికి దూరంగా, ఆ నలుగురు తప్ప మనిషి లేనప్పుడు అది తట్టుకోవడం చాలా కష్టం.

నేను తాగలేదు. నా పక్కన ఇంకొకడు కూడా వద్దన్నాడు కాబట్టే తాగలేదు. ఇద్దరం కలిసి మెస్‌కి వెళ్లేవాళ్లం, కలిసి చదివేవాళ్లం. వాడే లేకపోతే ఎంతకాలం ఆగేవాణ్ణో చెప్పలేను. పటమట అంకుల్ అన్న సాకు సంగతి నిజమే, నేను ఆస్తమా అని చెప్పేవాణ్ణి.

కానీ టీసీ భయం ఎక్కడికి తీసుకెళ్తుందో కూడా చూశాను. ఒక రాత్రి మా గదిలో ఒకడికి ఎక్కువైంది. గుండె దడ, చెమటలు, "చచ్చిపోతున్నారా" అని ఏడుపు. వార్డెన్‌ని లేపుదామని నేను లేస్తే మిగతావాళ్లు తలుపుకి అడ్డం నిలబడ్డారు. తెల్లారేదాకా వాడికి నీళ్లు తాగిస్తూ కూర్చున్నాం. అప్పటికి ఇలాంటి రూల్ ఏదీ కాగితం మీద లేదు. ఉంటే ఆ తలుపు ఎవరు తీస్తారు?

పటమట నాన్న

బాబూ, నువ్వు చెప్పింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా అడుగుతున్నా: ఆ ఐదారుగురిని మొదటి ఆదివారమే పంపించేసి ఉంటే ఆ రాత్రి వచ్చేదే కాదు కదా?

ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ

రోజూ ఓపీలో ఈ వయసు పిల్లల్ని చూస్తాను కాబట్టి కొన్ని విషయాలు.

హాస్టళ్లలో మూత్రం పరీక్షించే ఈ స్ట్రిప్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు అన్నది ముందు తెలియాలి. గంజాయిలో మత్తునిచ్చే పదార్థం కొవ్వులో నిలవ ఉంటుంది. ఎప్పుడో ఒకసారి తాగినవాడి మూత్రంలో రెండు మూడు రోజులు కనబడుతుంది, రోజూ తాగేవాడిలో మానేసిన తర్వాత కూడా నెల దాకా కనబడవచ్చు. అంటే నిన్న నలుగురి బలవంతం మీద మొదటిసారి ఒక దమ్ము లాగినవాడూ, మూడు వారాల క్రితం మానేసి నిలదొక్కుకుంటున్నవాడూ ఇద్దరూ ఒకే గీతగా కనబడతారు. ఇద్దరికీ ఒకే టీసీ. పైగా స్ట్రిప్ ఫలితం తొలి అంచనా మాత్రమే, ల్యాబ్‌లో నిర్ధారించకుండా దాని మీద నిర్ణయం తీసుకోకూడదు. వైట్‌నర్ పీల్చేవాణ్ణి ఈ స్ట్రిప్ పట్టుకోలేదు. గంజాయికి పరీక్ష ఉందని తెలిస్తే పిల్లలు అటువైపు తిరిగే ప్రమాదం ఉంది, అది గంజాయి కన్నా తొందరగా ప్రాణం మీదికి తెస్తుంది.

పటమట నాన్నగారి భయం మాత్రం అక్షరాలా నిజం. మెదడు ఎదుగుదల ఇరవైల మధ్య దాకా సాగుతుంది. గంజాయి వాడిన వాళ్లందరినీ కలిపి చూస్తే సుమారు పదిమందిలో ఒకరు దానికి బానిస అవుతారు, పద్దెనిమిది లోపు మొదలుపెట్టిన వాళ్లలో సుమారు ఆరుగురిలో ఒకరు. కుటుంబంలో మానసిక జబ్బు ఉన్న పిల్లలకు ఇంకా ప్రమాదం. "చెట్టు ఆకే కదా" అనే మాటని నేను ఒప్పుకోను.

తోటివాళ్ల ఒత్తిడి గురించి ఒక ప్రయోగం చెప్తాను. 2005లో అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు పిల్లల చేత, పెద్దల చేత కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించారు. ఒంటరిగా ఆడినప్పుడు పిల్లలు పెద్దవాళ్ల కన్నా పెద్ద తేడాగా ప్రవర్తించలేదు. పక్కన స్నేహితులు నిలబడగానే పిల్లలు తీసుకునే ప్రమాదాలు బాగా పెరిగిపోయాయి, పెద్దవాళ్లలో మార్పు లేదు. ఇంట్లో బుద్ధిగా ఉండే పిల్లాడు గదిలో వేరేగా ఎందుకుంటాడో దీన్నిబట్టి అర్థమవుతుంది. అది వాడి పెంపకంలో లోపం కాదు. అలాంటి గుంపు మధ్యలో కూర్చున్నవాడికి వచ్చే వారం పరీక్ష గుర్తొస్తుందని నేను అనుకోను, పక్కనున్న స్నేహితుడి ముఖమే కనబడుతుంది. అందుకే ఆ బీటెక్ తమ్ముడు చెప్పిన రెండోవాడు చాలా ముఖ్యం.

డల్లాస్ తల్లి

ఇక్కడ ఈ వాదన పాతది. 2002లో ఓక్లహోమా కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఆటపాటల్లో పాల్గొనే స్కూలు పిల్లలకి డ్రగ్ పరీక్షలు చేయవచ్చని తీర్పిచ్చింది. కానీ స్కూళ్లలో ఇలా ఎవరికి పడితే వాళ్లకి పరీక్షలు చేయడాన్ని ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2015లో వ్యతిరేకించింది. లాభం ఉందనడానికి సరిపడా ఆధారాలు లేవని వాళ్ల మాట.

ఐస్‌లాండ్ సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. 1998లో అక్కడ పదిహేను, పదహారేళ్ల పిల్లల్లో 42 శాతం మంది అంతకుముందు నెలలో మద్యం తాగి మత్తెక్కినవాళ్లే. 2016కి అది 5 శాతానికి దిగింది. గంజాయి రుచి చూసినవాళ్లు 17 శాతం నుంచి 7కి తగ్గారు. ఆటలకి, సంగీతానికి డబ్బిచ్చారు, రాత్రిళ్లు పిల్లలు బయట తిరిగే వేళలకి హద్దు పెట్టారు, తల్లిదండ్రుల మధ్య ఒప్పందాలు రాయించారు. పేర్లు లేకుండా తరచూ సర్వే చేశారు. ఎవరు తాగుతున్నారని అడగలేదు, ఎంతమంది, ఎక్కడ, ఎప్పుడు అని అడిగారు.

ఆటో అన్న, కరీంనగర్

ఆటలు అంటున్నరు గదా అక్కా. నా కొడుకు కాలేజీల గ్రౌండే లేదు. మూడంతస్తుల బిల్డింగు, మీద రేకులు. పొద్దుగాల ఐదింటికి లేపుతరు, రాత్రి పది దాక చదువు. ఆదివారం రెండు గంటలు ఇడుస్తరు. నవ్వుకునే జాగ ఆ రూమొక్కటే. గా రూమ్ల ఏం జరిగితే గదే వాడు జేస్తడు.

నర్సీపట్నం టీచర్

అందరూ తాగడం గురించే మాట్లాడుతున్నారు. మా వైపు నుంచి చూస్తే ఒత్తిడి ఇంకో రూపంలో వస్తుంది. నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే ఘాట్ రోడ్డులోనే సరుకు కిందికి దిగుతుంది. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. మా వైపు సాగు తగ్గింది, ఒడిశా కొండల నుంచి రావడం ఆగలేదు. అది మోయడానికి కుర్రాళ్లు కావాలి. కాలేజీ బ్యాగు వేసుకున్న పదిహేడేళ్లవాణ్ణి బస్సులో ఎవరూ అనుమానించరు.

"మామా, ఈ బ్యాగు వైజాగ్‌లో మావాడికి ఇచ్చెయ్, నీకు నాలుగు వేలు." అడిగేది అపరిచితుడు కాదు, పక్క బెంచీవాడే. తాగడానికి ఒప్పుకోని పిల్లలు కూడా దీనికి మొహమాటపడి ఒప్పుకుంటారు. బ్యాగులో ఏముందో అడగడం స్నేహానికి అవమానం అనుకుంటారు. దయచేసి మీ పిల్లలతో ఈ ఒక్క మాట ఈ రాత్రే చెప్పండి: ఎవరి బ్యాగూ మోయొద్దు, ఎవరి పార్సిలూ గదిలో దాచొద్దు, ఎంత దగ్గరివాడైనా సరే. ఏ మూత్ర పరీక్షా ఈ పిల్లాణ్ణి కాపాడలేదు, వాడు తాగనే తాగడు.

గుంటూరు అడ్వకేట్

టీచర్‌గారు చెప్పినదానికి చట్టం ఏమంటుందో రాస్తాను, చాలామంది తల్లిదండ్రులకి తెలియదు.

మత్తుపదార్థాల మీద ఉన్న 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయికి కిలో దాకా చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. చిన్న పరిమాణానికి ఏడాది దాకా శిక్ష, మధ్యలో ఉంటే పదేళ్ల దాకా, వాణిజ్య పరిమాణానికి కనీసమే పదేళ్లు. పదహారు దాటిన పిల్లాడు అంత పెద్ద సరుకుతో దొరికితే, బాలల న్యాయ మండలి విచారించి అతన్ని పెద్దవాడిలా విచారించాలని పంపే వీలుంది. నాలుగు వేల బ్యాగు ఖరీదు అది.

కేవలం వాడిన పిల్లాడి సంగతి వేరు. పద్దెనిమిది నిండనివాడి మీద, ఘోర నేరమో, పెద్దవాళ్లతో కలిసి చేసిన నేరమో అయితే తప్ప ఎఫ్ఐఆర్ కట్టకూడదని 2016 నిబంధనలు చెప్తున్నాయి. అలవాటుపడ్డ వ్యక్తి తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చేరి చికిత్స పూర్తి చేసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ 64ఏ కూడా అదే ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉంది. పిల్లలకి మత్తుపదార్థం ఇచ్చినవాడికి మాత్రం 2015 బాలల న్యాయ చట్టం సెక్షన్ 77 కింద ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. వాళ్ల చేత మోయించినా, అమ్మించినా సెక్షన్ 78 కింద అంతే.

అంటే చట్టం కూడా వాడిన పిల్లాణ్ణి ఒకలా, ఇచ్చినవాణ్ణి ఇంకోలా చూస్తోంది. ఈ కాలేజీ కాగితం ఇద్దర్నీ ఒకే గాటన కడుతోంది. అమ్మా, నేనైతే ఉన్నది ఉన్నట్టు సంతకం పెట్టను. షరతులు రాసి పెడతాను.

కృష్ణలంక అమ్మ

అందరికీ దండాలు. రాత్రి కూర్చుని కాగితం వెనక ఇలా రాశాను, చూడండి:

"పరీక్షకి ఒప్పుకుంటున్నాను. స్ట్రిప్ పాజిటివ్ వస్తే ల్యాబ్‌లో మళ్లీ చేయించాలి, ఫలితం తల్లిదండ్రులకి తప్ప ఎవరికీ చెప్పకూడదు. మొదటిసారి దొరికిన పిల్లాణ్ణి ఆసుపత్రికి పంపాలి, చికిత్సకి వెళ్తున్నంతకాలం టీసీ ఇవ్వకూడదు. ఏ పిల్లాడికైనా ఒంట్లో బాగాలేదని తోటివాడు రాత్రి వచ్చి చెప్తే, చెప్పినవాడి మీదా, జబ్బుపడ్డవాడి మీదా ఆ రాత్రి విషయంలో ఏ చర్యా ఉండకూడదు. ఆదివారం సాయంత్రాలు పిల్లల్ని దగ్గర్లోని మైదానానికి తీసుకెళ్లాలి, ఆ ఖర్చు మేం భరిస్తాం."

మూడో షరతు బీటెక్ బాబు కోసం రాసింది. నాతో ఇంకో పదకొండు మంది తల్లులు సంతకం పెడతామన్నారు.

ఆటో అన్న, కరీంనగర్

మంచిగ రాసినవక్కా. గీ కాగితమే మా కాలేజీల గూడ ఇస్త. ఆదివారం నేనే ఆటోల తీస్కపోత పిల్లల్ని.

పటమట నాన్న

మొదటిసారి టీసీ వద్దన్నదానికి నేనూ సరే అంటాను, డాక్టరుగారి మాట విన్నాక ఇంకేం వాదించను. రెండోసారి దొరికితే మాత్రం ఆ గది నుంచైనా మార్చాలని రాయండి, పక్కనున్న పిల్లాడికి కూడా తల్లి ఉంది.

ఒక్క విషయంలో మాత్రం నేను తగ్గను. గదికి సరుకు తెచ్చి అమ్మేవాడి పేరు మీ అబ్బాయికి తెలిస్తే, స్నేహం అని దాచనివ్వకండి. కాలేజీకి చెప్పక్కర్లేదు. ఆంధ్రాలో 1972కి, తెలంగాణలో 1908కి ఫోన్ చేస్తే చాలు. అలవాటు మాన్పించడానికి సాయం కావాలంటే 14446. మా తమ్ముడి ఇంట్లో ఈ నంబర్లు ఇప్పుడు ఫ్రిజ్ మీద అతికించి ఉన్నాయి.