డ్రైవరు లేని కారుకి మన సైగలు తెలుస్తాయా?

కృష్ణలంక_అమ్మాయి:

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటాం. మా వీధి చివర నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలి ఉంది. ముందొచ్చి ఆగినవాళ్లు ముందు వెళ్లాలి, ఒకేసారి వస్తే కుడివైపు ఉన్నవాళ్లకి దారివ్వాలి. అదీ రూలు. కానీ అక్కడ పని జరిగేది చూపులతోనే. ఎదురు కారాయన గడ్డం కొంచెం ఎత్తితే ‘మీరు వెళ్లండి’ అని. బ్రేకు వదిలి కారుని జానెడు ముందుకి తెస్తే ‘నేను పోతున్నా’ అని.

ఈమధ్య ఆ కూడలికి వచ్చే కార్లలో చాలావాటికి డ్రైవరే ఉండడు. నేను కారులో ఉంటే ఎలాగో సర్దుకుంటాను. నా బెంగంతా అమ్మ గురించే. విజయవాడ నుంచి వచ్చింది, ఆర్నెల్లు ఉంటుంది, సాయంత్రం నడక మాత్రం మానదు. బందరు రోడ్డు దాటిన మనిషి. చెయ్యి అడ్డంగా చాపి, వచ్చే బండివాడి మొహంలోకి చూసి, ఎక్కడా తడబడకుండా ఒకే నడకతో దాటేస్తుంది. మొన్న అలాంటి ఖాళీ సీటు కారు ఒకటి వచ్చి ఆగింది. అమ్మ చెయ్యి చాపింది కానీ ఎవరి మొహం చూడాలో తెలియక అలాగే నిలబడిపోయింది. కారూ కదల్లేదు. వెనకవాళ్లు హారన్ కొట్టేసరికి అమ్మకి కాళ్లు వణికాయి.

ఆ కారుకి అమ్మ చెయ్యి కనబడిందా? ‘ఆగు’ అన్నదానికీ ‘నువ్వు పో’ అన్నదానికీ తేడా దానికి తెలుస్తుందా? తను ఏం చెయ్యబోతోందో అమ్మకి ఎలా చెప్తుంది? ఈ రంగంలో ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.

మలుపు_ముందు:

అమ్మగారి టెన్షన్ అర్థమైందండీ. నేను ఇలాంటి కార్లలో ‘పక్కవాళ్లు ఇప్పుడేం చేస్తారు’ అని అంచనా వేసే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను.

చెయ్యి కనబడుతుంది. కానీ ఒక్క చేతిని నమ్మి నిర్ణయం తీసుకోవడం ప్రమాదం. ట్రాఫిక్ పోలీసు సైగలు, మలుపు తిరిగే ముందు సైకిల్‌వాళ్లు చాపే చెయ్యి ఒక పద్ధతిలో ఉంటాయి కాబట్టి వాటిని గుర్తుపట్టేలా నేర్పుతారు. మామూలు మనిషి చెయ్యి ఊపితే అది ‘ఆగు’ కావచ్చు, ‘పో’ కావచ్చు, అవతలి పక్కనున్న స్నేహితురాలిని పలకరించడం కావచ్చు. అందుకే ఒళ్లంతా ఏం చెప్తోందో చూడాలి. భుజాలు రోడ్డువైపు తిరిగాయా, తల ఎటుంది, పాదం ఫుట్‌పాత్ దిగిందా, నడక నెమ్మదిస్తోందా. అమ్మగారి చెయ్యి ‘దాటుతున్నా’ అంది, కాళ్లు ‘దాటను’ అన్నాయి. అప్పుడు కదలకుండా ఉండటమే క్షేమం.

కార్లని చదవడమూ ఇంతే. లైను మారబోయే కారు ఇండికేటరు పడకముందే గీతవైపు కొంచెం జరుగుతుంది. ముందు బండికి దగ్గరవుతున్నా వేగం తగ్గించడు. ఆగి ఉన్న కారు ముందు చక్రాలు అప్పటికే తిరిగి ఉంటాయి. ఇవే అసలు సంకేతాలు. డ్రైవరు లేని కార్లు నడిపే వేమో కంపెనీ 2021లో పరిశోధకుల కోసం బయటపెట్టిన డేటాలో పరీక్ష ఏమిటంటే, ఒక సెకను కదలిక చూపిస్తారు, తర్వాతి 8 సెకన్లు ఎవరు ఎటు పోతారో చెప్పాలి. అదీ ఒకే దారి కాదు, సాఫ్ట్‌వేర్ దాటే అవకాశం ఎంత, ఆగే అవకాశం ఎంత అని నాలుగైదు దారులు పక్కపక్కనే పెట్టుకుని చూస్తుంది.

మీరన్న ‘జానెడు ముందుకి’ చాలా పెద్ద విషయం. 2009లో గూగుల్ ప్రయోగాల్లో కారు సరిగ్గా ఇలాంటి కూడలిలోనే ఇరుక్కుపోయింది. ఎదుటివాళ్లు పూర్తిగా ఆగాక వెళ్దామని చూసింది. వాళ్లేమో ఆగకుండా కాస్త కాస్త ముందుకి తెస్తూనే ఉన్నారు. ఆ తర్వాత, తన వంతు వచ్చినప్పుడు కారే కొంచెం ముందుకి జరిగేలా మార్చారు. అంటే చదవడం ఒక్కటే సరిపోలేదు, తనూ కదలికతో మాట్లాడాల్సి వచ్చింది.

చదవడంలో తప్పితే ఏమవుతుందో 2016 ఫిబ్రవరి 14న మౌంటెన్ వ్యూలో కనబడింది. గూగుల్ లెక్సస్ కారుకి రోడ్డు పక్కన ఇసుక బస్తాలు అడ్డమొచ్చాయి. పక్కకి జరగబోయింది. వెనక నుంచి బస్సు వస్తోంది. అది నెమ్మదిస్తుందని కారూ అనుకుంది, లోపల కూర్చున్న టెస్ట్ డ్రైవరూ అనుకున్నాడు. బస్సు నెమ్మదించలేదు. కారు వేగం గంటకి 2 మైళ్లే కాబట్టి ఎవరికీ దెబ్బలు తగల్లేదు. బస్సుల్లాంటి పెద్ద బండ్లు మిగతావాటంత తేలిగ్గా దారివ్వవని ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌కి నేర్పారు. ఆర్టీసీ బస్సు వెనక స్కూటరు నడిపిన ఎవరినడిగినా చెప్పే సంగతే. కానీ దాన్ని ఎవరో ఒకరు యంత్రానికి నేర్పాలి కదా.

లేబుల్_డెస్క్:

హైదరాబాద్‌లో ఈ కార్లకి నేర్పే వీడియోలకి లేబుల్స్ పెట్టే పని, అంటే అందులో ఏది ఏమిటో గుర్తించి రాసే పని చేశాను. ఆ ‘ఎవరో ఒకరు’ మాలాంటివాళ్లే, అందుకే రాస్తున్నాను.

ఎదురెండలో వీడియో వస్తుంది. ముందు కారు వెనక ఎర్రగా మెరుస్తుంది. బ్రేకు లైటా, ఎండ తళుకా? వెనక అద్దం దగ్గర మూడో లైటు ఉంటుంది, దాన్ని చూస్తాం. మూడూ వెలిగితే బ్రేకు. అటూ ఇటూ రెండే ఉంటే ఊరికే టెయిల్ లైట్లు. ఇండికేటరు ఇంకా కష్టం, ఆరి వెలుగుతుంది కాబట్టి ఒక్క ఫ్రేము చూసి చెప్పలేం, ముందుకీ వెనక్కీ తిప్పాలి. కారుకి ఒక పక్క లారీ చాటున ఉండి కుడి లైటు మాత్రమే మిణుకుతుంటే, కుడికి తిరుగుతున్నాడా, పార్కింగ్ లైట్లు రెండూ వేశాడా? తెలియదనే రాయాలి. ఊహించి రాస్తే రేపు కారు ఆ ఊహే నేర్చుకుంటుంది. ఈ ఒక్క మాట మీద మా టీమ్‌లో ఎంత పట్టుగా ఉండేవాళ్లమో!

‘ఈ మనిషి దాటుతాడా’ అన్న ప్రశ్నకి ఒకే వీడియో చూసి మేం తలో మాట చెప్పేవాళ్లం. ఆ తేడాని కూడా పారేయకూడదు. మనుషులకే తేలనిచోట కారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇంకోటి. ఒక ఊళ్లో నేర్చుకున్నది ఇంకో ఊళ్లో పనికొస్తుందనుకోవద్దు. హెడ్‌లైటు రెండుసార్లు కొడితే మన దగ్గర ‘నేను వస్తున్నా, ఆగు’. అమెరికాలో చాలాసార్లు ‘నువ్వు వెళ్లు’. లారీ ఎడమ కిటికీలోంచి క్లీనర్ చెయ్యి ఊపడం, ఆటో అన్న ఇండికేటరు వెయ్యకుండా అరచెయ్యి బయటపెట్టడం అక్కడి డేటాలో ఎక్కడ దొరుకుతాయి? అందుకే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌వాళ్లు హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద తీసిన ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ అంటే నాకు గౌరవం. అందులో ఆటోరిక్షాకి విడిగా ఒక లేబులే ఉంది.

రింగ్_రోడ్డు:

కారు బయట లైట్లు పెట్టి చెప్పించవచ్చు కదా? 2017లో ఫోర్డ్, వర్జీనియా టెక్ యూనివర్సిటీ కలిసి అమెరికాలోని ఆర్లింగ్టన్‌లో ప్రయత్నించాయి. డ్రైవరుకి సీటు కవరులాంటి వేషం వేసి కనబడకుండా చేసి, విండ్‌షీల్డ్ పైన లైట్ల పట్టీ పెట్టారు. దారిచ్చేటప్పుడు ఒకలా, బయల్దేరేటప్పుడు ఇంకోలా వెలిగేవి. ఇప్పుడు వేమో కార్ల నెత్తిన ఉన్న డోమ్ (గుండ్రటి బుడిపె) మీద కూడా నడిచేవాళ్లకి దారిస్తున్నట్టు గుర్తు చూపిస్తున్నారు.

మలుపు_ముందు:

మంచిదే, కానీ నా అభిప్రాయం గట్టిగా చెప్తాను. లైటు ‘నేను ఆగుతున్నా’ అని తన సంగతి చెప్పాలి తప్ప ‘మీరు దాటండి’ అనకూడదు. పక్క లైనులో వచ్చే బండి ఆగుతుందని ఈ కారు హామీ ఇవ్వలేదు. పైగా ఒక్కో కంపెనీ ఒక్కో రంగు, ఒక్కో గుర్తు పెడితే పెద్దవాళ్లు ఎన్నని గుర్తుపెట్టుకుంటారు? అందరికీ అర్థమయ్యేది ఒకటే, దూరం నుంచే నెమ్మదించి, గీతకి బాగా వెనక ఆగడం.

మన అలవాట్లన్నీ నేర్పడమూ సరికాదు. స్టాప్ బోర్డు దగ్గర పూర్తిగా ఆగకుండా మెల్లగా దొర్లించుకుపోవడం టెస్లా సాఫ్ట్‌వేర్‌లో ఉంటే, 2022లో సుమారు 54 వేల కార్లకి రీకాల్ (లోపం సరిదిద్దాలన్న ప్రకటన) ఇచ్చి తీసేయించారు. సైగ చదవడం వేరు, తప్పుని కాపీ కొట్టడం వేరు.

కృష్ణలంక_అమ్మాయి:

అందరికీ థ్యాంక్సండీ. మరి రేపు సాయంత్రం అమ్మకి ఏమని చెప్పను? చలికాలం వానల్లో గొడుగు కూడా వేసుకుంటుంది.

మలుపు_ముందు:

సీటు వంక చూడొద్దనండి, ముందు చక్రాలు చూడమనండి. అవి పూర్తిగా ఆగాకే అడుగు దింపాలి. దింపాక ఆగీ నడిచీ చేయకుండా, బందరు రోడ్డు మీద నడిచినట్టే నడవమనండి, ఆ నడక కారుకి బాగా అర్థమవుతుంది. చెయ్యి చాపితే చాపనివ్వండి, కానీ ‘నువ్వు పో’ అని మాత్రం ఊపొద్దు. సగం దాటాక పక్క లైను మళ్లీ చూసుకోవాలి. గొడుగు మొహానికి అడ్డంగా వాల్చకుండా కొంచెం ఎత్తి పట్టుకోమనండి, తల ఎటు తిరిగిందో కారుకి కనబడాలి, అటునుంచి ఏమొస్తోందో ఆవిడకీ కనబడాలి.