మలయాళం సినిమా తెలుగు డబ్బింగ్‌లో చూస్తే సగమే చూసినట్టా?

బెంచిటికెట్:
మొన్న శని, ఆదివారాల్లో రెండు సినిమాలు చూశాను. ‘మంజుమ్మెల్ బాయ్స్’ మలయాళంలోనే, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో. ‘ప్రేమలు’ తెలుగులో. రెండూ 2024లో వచ్చినవే, నాకు ఇప్పుడు కుదిరింది. మొదటిది చూశాక రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. రెండోదానికి పడీపడీ నవ్వాను గానీ ఏదో వెలితి. గేట్ కోచింగ్ పేరుతో హైదరాబాద్ వచ్చిపడిన మలయాళీ కుర్రాడి కథ అది. వాడే గడగడా తెలుగు మాట్లాడేస్తుంటే ఇక వాడికి పరాయి ఊరేంటి?

‘మంజుమ్మెల్’ చూడండి. కొచ్చి దగ్గరి కుర్రాళ్లు కొడైకెనాల్ వెళ్తారు. గుణ గుహల్లో ఒకడు గోతిలో పడిపోతాడు. సాయం కోసం పోలీసుల దగ్గరికి పరిగెత్తితే తన్నులు తింటారు. వీళ్లది మలయాళం, అక్కడివాళ్లది తమిళం. సగం అర్థమై సగం కాని ఆ కంగారే సీన్‌కి ప్రాణం. అందరి నోట్లోనూ తెలుగే పెడితే అదెక్కడ మిగులుతుంది? డబ్బింగ్‌లో చూస్తే సగం సినిమానే. కాదనేవాళ్లు రండి.

రెండో ఆట:
వచ్చాను బ్రదర్. అందులో ‘గుణ’ పాట రాగానే ఒళ్లు జలదరించిందా లేదా? నాకైతే ఆ ట్యూన్ ‘కమ్మని ఈ ప్రేమలేఖనే’ అనే తెలుసు. 1991 నాటి తమిళ సినిమాని తెలుగులోకి డబ్ చేశారు కాబట్టే ఆ పాట మా ఊరి క్యాసెట్ల షాపు దాకా వచ్చింది. చిన్నప్పుడు విన్న పాట కాబట్టే ఇప్పుడు ఏడిపించింది.

ఇంకోటి. మా అమ్మ సబ్‌టైటిల్ చూసేలోపు అది వెళ్లిపోతుంది. “ఏమన్నాడ్రా?” అని అడిగినప్పుడల్లా నేను పాజ్ నొక్కాలి. ఆవిడకి మలయాళం సినిమాలే వద్దంటావా?

మైకు వెనక:
కొన్నాళ్లు ఓ డబ్బింగ్ స్టూడియోలో పనిచేశాను కాబట్టి అసలు బాధ చెప్తా. తల్లి కొడుకుని “మోనే” అని పిలుస్తుంది, క్లోజప్పు. పెదాలు ఒక్కసారే కలుస్తాయి. తెలుగులో “బాబూ” అని రాస్తే రెండుసార్లు కలవాలి, లిప్ పడదు. “నాన్నా” అంటే అసలు కలవవు. చివరికి “బిడ్డా” రాస్తాం. ఇళ్లలో ఎవరూ అలా పిలవరు, అయినా పెదవి అదే అడుగుతుంది. డబ్బింగ్ తెలుగు కృతకంగా ఉందని మీరు తిట్టేది చాలావరకు ఇక్కడ పుట్టిందే. “పోడా”కి “పోరా” దొరికిన రోజు మాకు పండగ. మనిషి వెనక్కి తిరిగి ఉంటే ఇంకా పండగ, ఏమైనా రాసుకోవచ్చు.

‘ప్రేమలు’కి ఆదిత్య హాసన్ మాటలు రాశాడు. జోకుని అనువదించకుండా మన కుర్రాళ్లు ఎలా మాట్లాడుకుంటారో అలా రాశాడు. బెంచిటికెట్ గారూ, మీరు పడీపడీ నవ్వింది అందుకే.

కరీంనగర్ పోరడు:
ఆగన్నా. “బిడ్డా” అని ఇళ్లలో ఎవరూ పిలవరా? మా అమ్మ పొద్దున్నుంచి రాత్రిదాకా అట్లనే పిలుస్తది.

మైకు వెనక:
సారీ తమ్ముడూ, మాది తెనాలి.

బెంచిటికెట్:
సరే, ‘గుణ’ పాట దగ్గర దొరికిపోయాను, ఒప్పుకుంటున్నా. నిన్న పంతానికి ‘ప్రేమలు’ మలయాళంలో మళ్లీ చూశాను. ఈసారి పరాయి ఊరు కనిపించింది, నవ్వు మాత్రం తగ్గింది. తప్పు మలయాళానిది కాదు, కింద పడే ఇంగ్లీషుది. ఈ సబ్‌టైటిల్స్‌లో తరచూ చూస్తున్నా: చేట్టా అన్నా, అళియా అన్నా, ఎడా అన్నా అన్నిటికీ ఒకటే “బ్రో”. అన్నా, బావా, ఒరేయ్ అని మూడింటికి మూడూ మన దగ్గరే ఉండగా మధ్యలో ఇంగ్లీషు దేనికి? మాట వాళ్లదే ఉంచి, కింద తెలుగు వేస్తే నేను డబ్బింగ్ జోలికే రాను.

రెండో ఆట:
తెలుగైతే మా అమ్మ చదువుతుంది. కాకపోతే సినిమా మొదలయ్యేలోపు కళ్లజోడు దొరకాలి.