అమెరికాలో లోకమ్ (తాత్కాలిక డాక్టరు డ్యూటీలు) చేయడానికి వేరే రాష్ట్రాల లైసెన్సులు: హైదరాబాద్‌లో ఉండగా ఏమేం చేసుకోవాలి?

నైట్‌డ్యూటీ_2003
ఉస్మానియా 2003 బ్యాచ్. ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ అయింది, బోర్డ్ సర్టిఫికేషన్ ఉంది, గ్రీన్ కార్డు ఉంది. లైసెన్సు మాత్రం విస్కాన్సిన్‌ది ఒక్కటే. అక్కడ ఉద్యోగం మానేసి, మిల్వాకీలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, నాలుగు నెలలకని మలక్‌పేట వచ్చాను. తిరిగి వెళ్లాక హాస్పిటలిస్టుగా (ఆసుపత్రిలో చేరిన పేషెంట్లను చూసే డాక్టరుగా) లోకమ్ చేయాలని ఉంది. అయోవా, మోంటానా, వీలైతే కాలిఫోర్నియా. కాగితాలన్నీ తామే చూసుకుంటామని ఏజెన్సీ వాళ్లంటున్నారు. ఇల్లూ ఉద్యోగమూ లేనివాడికి కాంపాక్ట్ (ఒక్క దరఖాస్తుతో పలు రాష్ట్రాల లైసెన్సులు తెచ్చుకునే ఒప్పందం) కుదురుతుందా? ఇక్కడ ఉన్నన్నాళ్లలో నేను చేసుకోవాల్సినవి ఏమిటి?

కాగితాల_కట్ట
సర్, ముందు రాష్ట్రాలను రెండు కుప్పలు చేయండి. అయోవా, మోంటానా ఇంటర్‌స్టేట్ మెడికల్ లైసెన్షర్ కాంపాక్ట్‌లో ఉన్నాయి. కాలిఫోర్నియా లేదు, దాని దారి వేరు.

కాంపాక్ట్‌లో ఒక సభ్య రాష్ట్రాన్ని ‘ప్రిన్సిపల్ లైసెన్స్’ రాష్ట్రంగా చూపాలి. అక్కడ మీకు పూర్తి లైసెన్సు ఉండాలి. దానితోపాటు మీ ప్రధాన నివాసం అక్కడ ఉండటమో, ప్రాక్టీసులో కనీసం 25 శాతం అక్కడ జరగడమో, మీ ఎంప్లాయర్ అక్కడ ఉండటమో, ఏదో ఒకటి కావాలి. ఈ మూడూ ఏ రాష్ట్రానికీ కుదరనప్పుడే నాలుగోది పనికొస్తుంది: ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ కోసం మీరు చూపిన నివాస రాష్ట్రం. మీకు మిగిలింది ఇదే. రిటర్న్ మీద విస్కాన్సిన్ అడ్రస్ ఉంటే ఆ కాపీ తీసి పెట్టుకోండి. ఖాళీ చేసిన ఇంటిని నివాసమని టిక్కు పెట్టకండి. దరఖాస్తు అక్కడే ఆగిపోతే 700 డాలర్ల ఫీజు వెనక్కి రాదు.

మిగతా అర్హతలు మీకు ఉన్నట్టే ఉన్నాయి, కానీ సరిచూసుకోండి. యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ (అమెరికా లైసెన్సు పరీక్షలు) ఒక్కో స్టెప్పు మూడు ప్రయత్నాల్లోపు పాసై ఉండాలి. దరఖాస్తు నాటికి బోర్డ్ సర్టిఫికేషన్ అమల్లో ఉండాలి, ‘బోర్డ్ ఎలిజిబుల్’ (పరీక్ష రాసే అర్హత మాత్రమే ఉంది) అంటే ఒప్పుకోరు. ఏ మెడికల్ బోర్డూ (రాష్ట్రాల్లో లైసెన్సులిచ్చే సంస్థ) క్రమశిక్షణ చర్య తీసుకుని ఉండకూడదు.

వేలిముద్రలు ప్రిన్సిపల్ రాష్ట్రం ఒక్కటే తీసుకుంటుంది. వాటికోసమే ఈ దరఖాస్తును తిరుగు ప్రయాణానికి దగ్గరగా పెట్టుకోమంటాను. రోజంతా చేతులు కడిగి, శానిటైజర్ రాసే వృత్తి మనది. వేళ్ల గీతలు అరిగిపోయి ముద్రలు తిరిగొచ్చేది మనవాళ్లకే ఎక్కువ. ముందురోజు రాత్రి మాయిశ్చరైజర్ రాసుకుని, ఆ పూట శానిటైజర్ జోలికి వెళ్లకుండా ఇవ్వండి.

అర్హత ఉందని తేలాక ప్రిన్సిపల్ రాష్ట్రం ఇచ్చే అర్హత లేఖ 365 రోజులు చెల్లుతుంది. ఆలోపు ఎన్ని రాష్ట్రాలైనా ఎంచుకోవచ్చు, ఏ రాష్ట్రం ఫీజు ఆ రాష్ట్రానిదే. చేతికొచ్చేది ఆ రాష్ట్రపు మామూలు లైసెన్సే కాబట్టి రెన్యువల్, సీఎంఈ (డాక్టర్ల నిరంతర శిక్షణ) కూడా దేనికవే. అందుకని ఆశకొద్దీ పది రాష్ట్రాలు తీసుకోకండి. ఇంకో మాట, ప్రిన్సిపల్ రాష్ట్రంలో లైసెన్సు రద్దయినా, సస్పెండయినా కాంపాక్ట్ ద్వారా తెచ్చుకున్నవన్నిటికీ వెంటనే అదే గతి.

కోఠి_సెంటర్
హైదరాబాద్ వైపు పనులు నేను చెప్తాను. విదేశీ కాలేజీల్లో చదివినవాళ్లను కాలిఫోర్నియా లైసెన్సుకు 24 నెలల పీజీ శిక్షణ, తర్వాత రెన్యువల్ నాటికి 36 నెలలు అడుగుతుంది, ఇంటర్నల్ మెడిసిన్ మూడేళ్లు రెండిటికీ సరిపోతాయి. దానికి, మున్ముందు మరే బోర్డుకైనా పనికొచ్చేలా ఎఫ్‌సీవీఎస్ (డాక్టర్ల రికార్డులను ధ్రువీకరించి దాచే సేవ) ప్రొఫైల్ ఇప్పుడే మొదలుపెట్టండి. ఒకసారి ధ్రువపడిన చదువు, రెసిడెన్సీ, పరీక్షల రికార్డు అందులో శాశ్వతంగా ఉంటాయి.

ఆలస్యమయ్యేది కాలేజీ దగ్గరే. ధ్రువీకరణ ఫారం కాలేజీ నుంచి నేరుగా వెళ్లాలి, మీ చేత్తో పంపితే చెల్లదు. ఆఫీసులో ఆ మెయిల్ ఎవరూ తెరవకపోతే నెలలు గడిచిపోతాయి. ఎలాగూ ఊళ్లోనే ఉన్నారు కదా, అకడమిక్ సెక్షన్‌కి వెళ్లి బ్యాచ్, హాల్ టికెట్ నంబరు, డిగ్రీ మీద ఉన్న పేరు ఒక కాగితం మీద రాసిచ్చి, ఫలానా సంస్థ నుంచి ఫారం వస్తుందని చెప్పి రండి.

మీ బ్యాచ్‌కి డిగ్రీ ఇచ్చింది విజయవాడలోని హెల్త్ యూనివర్సిటీ. యూనివర్సిటీ కాపీలు కావాలంటే వరంగల్ కాళోజీ యూనివర్సిటీ చుట్టూ తిరిగి లాభం లేదు. విజయవాడ యూనివర్సిటీ పేరు 2022లో మారి 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరయింది. ఫారంలో మాత్రం మీ పట్టా మీద అచ్చయిన పేరే రాయండి.

ఇక పేర్ల గొడవ. పట్టా మీద ‘పి. వెంకట రమణ’, పాస్‌పోర్టులో ‘వెంకటరమణ పోలవరపు’, లైసెన్సు మీద ‘రమణ పోలవరపు’ అని ఉంటే బోర్డు లెక్కలో ముగ్గురు మనుషులు. పాస్‌పోర్టు పేరును అసలుగా పెట్టుకుని, మిగతావన్నీ ‘గతంలో వాడిన పేర్లు’ గడిలో ఇనిషియల్స్‌తో సహా రాయండి. నోటరీ చేసిన అఫిడవిట్ అడిగితే వీధి చివర నోటరీ ముద్ర కొట్టించే ముందు అది చెల్లుతుందో లేదో బోర్డును అడగండి. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో చేయిస్తే ముద్రకు 50 డాలర్లు.

‘ఏ దేశంలోనైనా లైసెన్సు ఉండేదా?’ అనే ప్రశ్నకు ‘లేదు’ అని రాసేవాళ్లు చాలామంది. ఎప్పుడో కాలం చెల్లినా మన కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కూడా లైసెన్సే. మీది రాష్ట్ర విభజనకు ముందుది, అంటే అప్పటి ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌ది. కోఠిలో తెలంగాణ కౌన్సిల్ ఆఫీసుకు పాత సర్టిఫికెట్ పట్టుకెళ్లి, గుడ్ స్టాండింగ్ (మీ మీద చర్యలేవీ లేవనే) సర్టిఫికెట్ ఎవరివ్వాలో తేల్చుకోండి. అది నేరుగా బోర్డుకు పంపించాలా, సీలు కవరులో చేతికిస్తారా అన్నది కూడా అప్పుడే అడగండి.

హౌస్ సర్జన్సీని ఒక ఫారంలో ఎంబీబీఎస్‌లో భాగంగా, ఇంకో ఫారంలో పీజీ శిక్షణగా రాస్తే తేదీలు కలవక ఫైలు వెనక్కొస్తుంది. అది ఎంబీబీఎస్‌లో భాగమే. పరీక్షల ప్రిపరేషన్‌లో గడిచిన నెలలను, ఇప్పటి ఈ నాలుగు నెలలను కూడా ఖాళీగా వదలకుండా నెల, సంవత్సరంతో రాయండి.

ఏజెన్సీ వాళ్లు ఫారాలు నింపుతారు, నిజమే. అవును, కాదు ప్రశ్నలకు మాత్రం జవాబులు మీరే పెట్టండి. సంతకం మీది. తప్పుడు జవాబే చర్యకు కారణం కావచ్చు.

నైట్‌డ్యూటీ_2003
చాలా థాంక్స్ అండీ. డీఈఏ (కంట్రోల్డ్, అంటే అలవాటుపడే ప్రమాదమున్న మందులు రాయడానికి ఫెడరల్ రిజిస్ట్రేషన్) కూడా ప్రతి రాష్ట్రానికీ విడిగా కావాలా? నాది ఇంకా మిల్వాకీ ఆసుపత్రి అడ్రస్ మీదే ఉంది.

షెడ్యూల్_టూ
కంట్రోల్డ్ మందులు రాసే ప్రతి రాష్ట్రంలోనూ డీఈఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. కొత్తది మూడేళ్లకు 888 డాలర్లు. ఒకసారికి ఒక్క రాష్ట్రంలోనే పని చేసేటట్టయితే కొత్తది అక్కర్లేదు. ఉన్నదాని అడ్రస్‌ను ఆ రాష్ట్రానికి మార్పించుకోవచ్చు, అందుకు ఫీజు లేదు. కొత్త రాష్ట్రం లైసెన్సు చేతిలో ఉంటేనే మారుస్తారు కాబట్టి ఇది చివరి పని. అయోవాలో ఇంకో మెట్టుంది: ముందు రాష్ట్రపు కంట్రోల్డ్ సబ్‌స్టెన్స్ రిజిస్ట్రేషన్ కావాలి. ఇచ్చేది మెడికల్ బోర్డు కాదు, ఫార్మసీ బోర్డు.

ఆసుపత్రి ఒప్పుకుంటే దాని డీఈఏ నంబరు కిందే, వాళ్లు మీకిచ్చే కోడ్ తగిలించి రాయొచ్చు. వార్డు ఆర్డర్లకు అది సాఫీగా నడుస్తుంది. డిశ్చార్జ్ అయ్యే పేషెంటుకు ఆక్సికోడోన్ (కంట్రోల్డ్ నొప్పి మందు) రాసినప్పుడు బయటి ఫార్మసీ ఆ నంబరు చూసి తిప్పి పంపొచ్చు. కాంట్రాక్టు సంతకానికి ముందే ఈ సంగతి అడగండి. రెన్యువల్‌లో వ్యసన చికిత్సపై 8 గంటల శిక్షణ పూర్తిచేసినట్టు టిక్కు పెట్టాలి. అది జీవితంలో ఒక్కసారే.

బావర్చి_బిర్యానీ
మా తమ్ముడు హెచ్-1బీ మీద ఉన్నాడు. వాడూ ఇలా వారాంతాల్లో లోకమ్ చేయొచ్చా అన్నా?

కాగితాల_కట్ట
లైసెన్సు వస్తుంది తమ్ముడూ, పని చేయడానికే కుదరదు. లోకమ్ ఏజెన్సీలు ఎక్కువగా 1099 మీద ఇస్తాయి, అంటే స్వతంత్ర కాంట్రాక్టరుగా. హెచ్-1బీ పిటిషన్ వేసిన ఎంప్లాయర్‌కు కట్టుబడింది. రెండోచోట చేయాలంటే ఆ ఎంప్లాయర్ కూడా పిటిషన్ వేయాలి. జే-1 వేవర్ (శిక్షణ వీసా తర్వాత స్వదేశం వెళ్లాలన్న నిబంధన నుంచి మినహాయింపు) మీద ఉంటే ఆ మూడేళ్లూ వేవర్ ఇచ్చిన చోటే పూర్తి చేయాలి. ఏజెన్సీ మాట విని ముందుకెళ్లే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి కాంట్రాక్టు చూపించమను.