తుంటికి ఆర్థ్రోస్కోపీ (కెమెరాతో చేసే కీహోల్ సర్జరీ) చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కీపర్31:
నాకు 31 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆదివారం వస్తే క్రికెట్, పదేళ్లుగా వికెట్ కీపింగే. ఏడాది నుంచి గొంతుక్కూర్చుని లేస్తుంటే కుడి గజ్జలో చురుక్కుమంటోంది, బైకెక్కడం కూడా కష్టంగా ఉంది. కీలులోకి మందు ఎక్కించి ఎంఆర్ఐ తీస్తే లేబ్రమ్ (తుంటి గిన్నె అంచు చుట్టూ ఉండే మెత్తటి పట్టీ) చిరిగిందని, తొడ ఎముక తల దగ్గర బుడిపెలా పెరిగి ఒరుసుకుంటోందని తేలింది. ఆరు నెలలు ఫిజియో చేసినా తగ్గలేదు. కీహోల్ సర్జరీయే, మర్నాడు ఇంటికి వెళ్లిపోవచ్చంటున్నారు. ఇంటికి సరే, మామూలు మనిషి కావడానికి ఎన్నాళ్లు? మాది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

గుంటూరన్న:
తమ్ముడూ, రెండేళ్ల కింద నాకూ ఇదే ఆపరేషన్, ఎడమ వైపు. పైకి కనిపించేవి సెంటీమీటరు పాటి మూడు గాట్లే, కానీ లోపల జరిగేది చిన్న పని కాదు. పాదాన్ని బూటులో బిగించి కాలు లాగి, కీలును కాస్త ఎడం చేసి కెమెరా పంపిస్తారు, బుడిపెను చెక్కుతారు, చిరిగిన లేబ్రమ్‌ను ఎముకలోకి యాంకర్లు (దారాన్ని పట్టి ఉంచే చిన్న మేకుల్లాంటివి) దించి కుడతారు. నాకు రెండు గంటలు పట్టింది. మెలకువ వచ్చాక తుంటి కంటే చీలమండే ఎక్కువ నొప్పి, పైగా మర్మాంగం దగ్గర స్పర్శ లేదు. ఎవరికి చెప్పుకోవాలో తెలియక రాత్రంతా భయపడ్డాను. కాలు లాగినప్పుడు అక్కడి నరం నలుగుతుందట, ఐదు రోజుల్లో తగ్గిపోయింది. నాకెవరూ ముందు చెప్పలేదు, అందుకే నీకు చెబుతున్నా.

చంక కర్రలు నాలుగు వారాలు. ఆ కర్రలతో గ్లాసుడు టీ కూడా పట్టుకెళ్లలేం. మా ఆవిడ ఫ్లాస్కులో పోసి, గుడ్డ సంచిలో పెట్టి నా మెడకు తగిలించేది. సాక్సు సొంతంగా తొడుక్కోవడానికి ఆరు వారాలు పట్టింది. ఇంట్లో ఇండియన్ టాయిలెట్ అయితే ఇప్పుడే కమోడ్ కుర్చీ తెచ్చుకో.

ఫిజియో_వైజాగ్:
మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రలతో పాటు ఆపరేషన్ కాలు ముందు. ఆపరేషన్‌కు ముందే సాధన చేయండి. సాధారణంగా మొదటి వారంలోనే బిగువు పెట్టకుండా వ్యాయామ సైకిల్ (కదలకుండా ఒకేచోట ఉండేది) తొక్కిస్తాం, కీలు బిగుసుకోకుండా. కాలు నిటారుగా పైకెత్తే వ్యాయామం మాత్రం ఎవరు చెప్పినా తొందరపడి చేయొద్దు, గజ్జ ముందు కండరం వాచి నెలలు వేధిస్తుంది. పిక్క వాచి నొప్పెడితే, ఆయాసం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు.

నేను ఎక్కువగా భయపడేది రెండో నెల గురించి. అప్పటికి నొప్పి పోతుంది, కుట్టింది మాత్రం ఇంకా గట్టిపడదు, చాలామంది అప్పుడే పరుగెత్తి పాడు చేసుకుంటారు. ఆటకు నాలుగు నుంచి ఆరు నెలలు, కీపింగ్‌కు ఇంకా ఎక్కువ అనుకోండి. ఇంకోటి, కీలులో ఎముకల మీదుండే మృదులాస్థి (కార్టిలేజ్) ఎంత అరిగిందో సర్జన్‌ను అడగండి. బాగా అరిగి ఉంటే ఈ ఆపరేషన్ పెద్దగా పనిచేయదు.

కీపర్31:
అన్నా, మేడమ్, చాలా థాంక్స్. అరుగుదల గురించి ఇవాళే ఫోన్ చేసి అడిగాను, అంతగా లేదన్నారు. చంక కర్రలు తెచ్చుకుని మా మెట్ల మీద రెండుసార్లు ఎక్కి దిగాను, మలుపు దగ్గర పిట్టగోడ కాస్త అడ్డొస్తోంది. సర్జరీ వచ్చే గురువారం.