మెయిలు ప్రోగ్రాంకి "అప్రమేయ" అట, ఆ "అ" సంగతేంటి?

సిరామరక: విష్ణుసహస్రనామంలో "అప్రమేయో హృషీకేశః" తర్వాత ఏముంది? నోటి చివరే ఉంది, రావట్లేదు. ఫైర్‌ఫాక్స్ తెలుగులో డిఫాల్టుని "అప్రమేయ" అన్నారు. కొలతకందని విష్ణువు సెట్టింగుల్లోకి ఎలా దిగాడు?

తాళపత్రం: "పద్మనాభోఽమరప్రభుః". విష్ణువుతో పనిలేదండీ, "ఇందులో నా ప్రమేయం లేదు" అంటామే, ఆ ప్రమేయానికి "అ" తగిలించారు. మన జోక్యం లేకుండా ఉన్నది అని.

వలపలగిలక: జోక్యమన్నది తెలుగువాడిచ్చిన అర్థం, దానికి సంస్కృతపు నఞ్ ("కాదు, లేదు" అనే "అ") అతికిస్తారా? పైగా విండోస్ 11లో సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్‌కి వెళ్లి, అడుగున లింకు రకాల జాబితాలో మెయిల్‌టు (ఈమెయిలు చిరునామా లింకు) వెతికి థండర్‌బర్డ్ అనే మెయిలు ప్రోగ్రాంని కూర్చోబెట్టేది మనమే. అంతా మన ప్రమేయమే, ఇంకెక్కడి "అ"?

పాతకీబోర్డు: అక్కడ మార్చినా ఫైర్‌ఫాక్స్ వినకపోవచ్చు. దాని సెట్టింగ్స్, జనరల్, అప్లికేషన్స్‌లో మెయిల్‌టు వరసకి జీమెయిల్ పెట్టి ఉంటే లింకు అటే పోతుంది. ఇక ఫైలు మీద రైట్‌క్లిక్ చేసి సెండ్ టు, మెయిల్ రెసిపియెంట్ నొక్కితే అది మెయిల్‌టు కాదు, మ్యాపీ, అంటే విండోస్ నేరుగా కంప్యూటర్లోని మెయిలు ప్రోగ్రాంకి పని అప్పజెప్పే పద్ధతి. బ్రౌజర్లో జీమెయిల్ వాడేవాళ్లకి "ఈమెయిల్ ప్రోగ్రాం లేదు" అని వచ్చేది అందుకే. థండర్‌బర్డ్ లాంటిది ఇన్‌స్టాల్ చేసి, అందులో ఖాతా కలిపి, దాన్నే డిఫాల్టు చేయాలి.

సిరామరక: అంటే లింకుకొకడు, ఫైలుకొకడు! "ఎవ్వనియందు డిందు పరమేశ్వరుఁ డెవ్వఁడు మూలకారణం బెవ్వఁడు" అని పోతన అడిగింది దీని గురించేనేమో.

వలపలగిలక: "డిందుఁ బరమేశ్వరుఁ డెవ్వఁడు". పకారం బకారమైందంటే ముందు ద్రుతం (అరసున్నగా మారిన నకారం) ఉన్నట్టే. అరసున్న మింగేసి పోతనని తలిస్తే ఎలాగండీ?

తాళపత్రం: అరసున్నలు తర్వాత. మీ లెక్కన "అప్రమేయ" తప్పైతే ఏమనాలి? "స్వతఃసిద్ధ" అంటే మళ్లీ వేదాంతమే.

వలపలగిలక: "ముందే ఉన్నది".

తాళపత్రం: థండర్‌బర్డ్ ముందే లేదుగా, మనం తెచ్చి పెట్టిందేగా!

పాతకీబోర్డు: ఏ పేరైనా పెట్టుకోండి. సేవ్ చేసిన మెయిళ్లకి, అంటే .ఈఎంఎల్ ఫైళ్లకి, మెయిల్‌టు మార్పు వర్తించదు. అదే డిఫాల్ట్ యాప్స్‌లో ఫైలు రకం దగ్గర విడిగా మార్చాలి.

సిరామరక: ఇంతకీ "డిందు" అంటే లయమవడమేనా, అణగడమా?