నా పీస్ వేరేవాళ్లు వాయిస్తే నాదిలా ఎందుకు వినిపించట్లేదు?

నాకు 24 ఏళ్లు. పర్కషన్ (డ్రమ్ముల్లాంటి, కొట్టి వాయించే వాద్యాలు) వాయిస్తాను, కాంటెంపరరీ క్లాసికల్ సంగీతం రాస్తాను కూడా. ఇప్పటిదాకా రాసినవన్నీ నేనే వాయించుకున్నాను. మొన్న మొదటిసారి నా స్నేహితుడొకడు నా సోలో పీస్ నేర్చుకుని వాయించాడు, ఒక్క నోటు కూడా తప్పు పోలేదు, అయినా అది నా పీస్‌లా అనిపించలేదు. వైబ్రాఫోన్ (లోహపు పట్టీలున్న వాద్యం) బార్ అంచు మీద సెల్లో బౌ (కమాను) లాగే చోట, నేనైతే శబ్దం పూర్తిగా పుట్టేదాకా ఆగి, ఆ తర్వాతే రెండో చేత్తో డ్రమ్ అంచుకు దగ్గరగా మెల్లగా తడతాను. తను స్కోర్‌లో (నేను రాసిచ్చిన నొటేషన్‌లో) ఉన్న లెక్క ప్రకారం కొట్టేశాడు. తప్పు తనది కాదు, ఆ ఆగడం నేనెక్కడా రాయలేదు.

ఇలాంటివి ఎంతవరకు రాయాలి? స్వరకర్త జెనాకిస్ 1975 నాటి తన సోలో పర్కషన్ పీస్ ‘ప్సాఫా’లో ఫలానా వాద్యమే అని కూడా చెప్పకుండా, గ్రిడ్ మీద దెబ్బలు గుర్తుపెట్టి చాలావరకు వాయించేవాళ్లకే వదిలేశాడు. నాకు ఆ ధైర్యం చాలా ఇష్టం, కానీ నా సంగీతమంతా ఆ చిన్న చిన్న ఆగడాల్లోనే ఉంది, వాటిని వదులుకోలేను.

ఇంకోటి, కెరీర్ గురించి బాగా టెన్షన్‌గా ఉంది. వాయించడమో రాయడమో ఏదో ఒకటే పట్టుకోమంటున్నారు మా గురువుగారు. అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైష్ సొంత బృందం పెట్టుకుని, అందులో వాయిస్తూనే రాశాడు కదా, అందుకే ఆ మాట ఒప్పుకోలేకపోతున్నాను. రెండూ చేస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి: మీకు మొదటి కమిషన్ (డబ్బిచ్చి కొత్త పీస్ రాయమని అడగడం) మీరు వాయించిన రికార్డింగ్ విని ఇచ్చారా, స్కోర్ చూసి ఇచ్చారా?