స్విచ్ చేతిలో ఆడుతోంది, డాక్‌లో పెడితే టీవీలో బొమ్మ రావడం లేదు

అందరికీ నమస్తే. మాది కర్నూలు. మా అన్న అమెరికా నుంచి తెచ్చిన నింటెండో స్విచ్ అనే వీడియో గేమ్ కన్సోల్ ఉంది, 2017లో వచ్చిన మొదటి రకం. ఇల్లు మారినప్పుడు దాని అసలు అడాప్టర్ పోయింది. పది రోజుల క్రితం పాత బస్టాండ్ దగ్గర 65 వాట్ల టైప్-సి ల్యాప్‌టాప్ ఛార్జర్ కొన్నాను. దాని మీద 5, 9, 15, 20 వోల్టులు అని రాసి ఉంది. 15 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు. అసలు అడాప్టర్ 15 వోల్టులు, 2.6 ఆంపియర్లే కదా, సరిపోతుందనుకున్నాను.

నేరుగా కన్సోల్‌కి పెడితే ఛార్జింగ్ బాగానే ఎక్కుతోంది. డాక్‌లో (కన్సోల్‌ని టీవీకి కలిపే స్టాండ్‌లో) పెడితే మాత్రం పచ్చ లైటు రెండు సెకన్లు వెలిగి ఆరిపోతోంది, టీవీలో 'నో సిగ్నల్'. ప్రతిసారీ ఇదే తంతు.

హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చాను. పక్కింటి వాళ్ల టీవీకి పెట్టి చూశాను. అన్ని వైర్లూ తీసి, అర నిమిషం ఆగి, ముందు ఛార్జర్, తర్వాత హెచ్‌డీఎంఐ, చివర్లో కన్సోల్ అనే వరుసలో పెట్టాను. పవర్ బటన్ 12 సెకన్లు నొక్కి రీస్టార్ట్ చేశాను. టీవీ రెజల్యూషన్ 1080పీకి మార్చాను. అప్‌డేట్ కూడా అయింది. ఏదీ పనిచేయలేదు. ఛార్జర్‌తో వచ్చిన టైప్-సి కేబుల్ ఒక్కటే ఇంకా మార్చలేదు, నా అనుమానం దాని మీదే. దసరాకి పిల్లలంతా ఇంటికొస్తున్నారు, అందుకే టెన్షన్‌గా ఉంది.

అసలు అడాప్టర్ లేకుండా వేరే ఛార్జర్‌తో ఈ డాక్ నుంచి టీవీలో బొమ్మ తెప్పించినవాళ్లు, మీరు ఎన్ని వాట్ల ఛార్జర్, ఎలాంటి కేబుల్ వాడారో చెప్తారా?